షెర్లిన్‌కి కోచింగు

మా తమ్ముడు ప్రేమ్ సాగర్ ఎంత మంచోడో అంత పిచ్చోడు. ఈ మాట వాని ముఖం మీదనే అంట, కాబట్టి మీకు చెప్తే చాడీ కింద రాదు. అమీర్‌పేటల ఒక కోచింగ్ సెంటర్ల బ్యాంకు పరీక్షలకు రీజనింగ్ చెప్తడు. ఏండ్ల సంది అదే పని కాబట్టి, లోకంల ఏం జరిగినా వానికి పరీక్ష లెక్కనే కనపడతది. రాగసుధను చేసుకుంటనని వాళ్ళ నాయన సూర్యనారాయణ గారిని అడగబోయే ముందు, నన్ను మామగారి లెక్క కుర్చీల కూసోబెట్టి మాక్ ఇంటర్వ్యూ పెట్టించుకున్నడు. "మతం వేరు గదా బాబూ, రేపు ఏంటి సంగతి?" అని గొంతు బొంగురు చేసి నేను అడగాలె, వాడు జవాబు చెప్పాలె. చెప్పిండు. నేను ఫెయిల్ చేసిన. ఆ పెద్దాయన మాత్రం పాపం పాస్ చేసిండు.

నా పేరు కరుణశ్రీ. వాడుండే సందులనే లేడీస్ హాస్టల్ నడిపిస్త. ఊర్ల సంది కోచింగులకు వచ్చే ఆడపిల్లలు నా దగ్గర ఉంటరు. నా నోరు జర పెద్దదని సందంత చెప్పుకుంటది. చెప్పుకోనియ్యి. అంతమంది పిల్లలు పొద్దున్నే ఒక్క గీజర్ కోసం లైన్ల నిలబడితే, చిన్న నోరున్నోళ్ళు ఒక్క దినం సుత హాస్టల్ నడపలేరు.

రాగసుధది ఎర్రమంజిల్ల సర్కారు ఆఫీసు కొలువు. పెండ్లయి మస్తు ఏండ్లు పిల్లలు కాలే. పంజాగుట్టల ఒక హాస్పిటల్ల ట్రీట్‌మెంట్ తీసుకున్నరు. సూదులు, స్కానింగులు, ఏడుపులు, మళ్ళ సూదులు. ఒకసారి కడుపు నిలవలే. ఆ దినం రాగసుధ నా హాస్టల్ కొచ్చి, నా మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకున్నది. నేను దుప్పటి కప్పిన. ఆఖరికి షెర్లిన్ పుట్టింది.

పుట్టుడుతోనే మా ఇంట్ల రెండు పార్టీలు లేసినయి. మా అమ్మ జీవమణి చర్చిల నిలబడి, "నా ఉపవాస ప్రార్థన ఆలకించి దేవుడిచ్చిన బిడ్డ" అని సాక్ష్యం చెప్పింది. రాగసుధ వాళ్ళమ్మ కుసుమకుమారి గారు కాకినాడ మనిషి. ఆమె అన్నవరం పోయి వ్రతం చేయించుకొచ్చి, "మా మొక్కు ఊరికే పోలేదండీ" అని సందంతా ప్రసాదం పంచింది. ఇద్దరికిద్దరు హాస్పిటల్ పేరు మాత్రం ఎత్తలే. పాపం, అంత కష్టపడ్డ డాక్టరమ్మకు రెండు పార్టీలల్ల ఒక్క ఓటు సుత పడలే.

అంతవరకైతే నవ్వుకొని ఊకుందుము. కానీ పిల్ల ఒక్కసారి తుమ్మిందనుకో, రెండు పార్టీలు ఒక్కటైతయి. "ఏమో వదినగారూ, ట్రీట్‌మెంట్ పిల్ల కదా" అని కుసుమకుమారి గారు, "అవునమ్మా, నాకు అదే ఫికర్" అని మా అమ్మ. పిల్ల ఎడమచేత్తోని రాస్తే ట్రీట్‌మెంట్. వంకాయ తినకపోతే ట్రీట్‌మెంట్. మా నాయన దయానందం బతికినన్ని దినాలు ఎడమచేత్తోనే సంతకం పెట్టిండు, ఆయనకు ఏ హాస్పిటల్ల ట్రీట్‌మెంట్ అయిందో మా అమ్మనే చెప్పాలె. పాట మంచిగ పాడితే మాత్రం అది ప్రార్థన. మార్కులొస్తే మొక్కు.

రాగసుధ ఒక్కతే సాఫ్ మనిషి. పిల్లకు తెలివొచ్చినంక దాపరికం లేకుండ చెప్పింది. "మమ్మీ దగ్గర కొంచెం, డాడీ దగ్గర కొంచెం తీసి, డాక్టర్ ఆంటీ చిన్న గాజు ప్లేట్లో కలిపింది. నువ్వు అందులో మొదలయ్యావు. తర్వాత నా పొట్టలోకి వచ్చావు" అని. షెర్లిన్ సంబరపడి, మా హాస్టల్ల ప్రతి పిల్లను ఆపి, "అక్కా, నువ్వు దేంట్ల మొదలైనవ్? నేను ప్లేట్ల" అని అడిగేది. ఆ పిల్లలకు ఏం చెప్పాల్నో తెల్వక నా దిక్కు చూసేటోళ్ళు.

ఇగ అసలు ముచ్చటకొస్త. మొన్న బడులు తెరిచిన కొత్తల హాస్పిటల్ నుంచి ఫోనొచ్చింది. తమ దగ్గర ట్రీట్‌మెంట్‌తోని పుట్టిన పిల్లలు ఎట్ల పెరుగుతున్నరో చూస్తున్నరట. ఎనిమిదేండ్ల పిల్లలను పిలుస్తున్నరట. ఎత్తు, బరువు, ఆటపాట, చదువు, మనసు, అన్ని చూస్తరట, ఒక్క పూట చాలట. రాగసుధ "తప్పకుండా తీసుకొస్తామండీ" అంటుంటేనే మావోడు ఫోన్ గుంజుకున్నడు.

"మేడమ్, సిలబస్ ఏంది?"

అవతల ఆమె నవ్వినట్టుంది. "సిలబస్ ఏం లేదు సార్. పాప పాపలాగ వస్తే చాలు."

ఫోన్ పెట్టినంక వాని ముఖం చూడాలె. "అక్కా, సిలబస్ లేదంటే ఏందో తెలుసా? ఏదన్నా అడగొచ్చు."

"నెగటివ్ మార్కులున్నయా అని అడగకపోయినవ్?" అని ఎగతాళి చేసిన.

"అబ్బ, మర్చిపోయిన" అని మళ్ళ ఫోన్ తీసిండు. నేను చెయ్యి పట్టుకొని ఆపిన.

వాని భయం నాకు తెల్వంది కాదు. బిడ్డ కడుపుల పడ్డప్పటి సంది వాని లోపల ఒక పురుగు తొలుస్తనే ఉన్నది. ఇట్ల పుట్టిన పిల్లలకు ఏదన్నా తక్కువైతదేమో, తన ఆశ కొద్ది తొందరపడి బిడ్డకే అన్యాయం చేసిండేమో అని. ఎవడో ఎక్కడో రాసింది ఫోన్ల చదువుతడు, చదివి ఇంకింత భయపడతడు. ఇప్పుడు డాక్టర్లు పిలిచి చూస్తమంటే, వానికి అది చూసుడు లెక్క కనపడలే. తీర్పు లెక్క కనపడ్డది. తీర్పుల బిడ్డ ఓడిపోవద్దని, వానికొచ్చిన ఒక్క విద్య బయటికి తీసిండు. కోచింగ్ పెట్టిండు.

నిజంగనే పెట్టిండు. ఎనిమిదేండ్ల పిల్లకు! ఫ్రిజ్ మీద టైమ్ టేబుల్ అంటించిండు. పొద్దున చెక్క బిళ్ళలతోని బొమ్మలు పేర్చుడు. బడి నుంచి వచ్చినంక "ఈ నాలుగు బొమ్మలల్ల కలవనిది ఏది." ఇంగ్లీషుల అడిగితే ఎట్లా అని, వాళ్ళ సెంటర్ల స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పే రాఘవేందర్ సార్‌తోని ప్రత్యేక క్లాసు. ఆయన నేర్పిన మొదటి ముక్క, "మై హాబీ ఈజ్ రీడింగ్ బుక్స్ అండ్ హెల్పింగ్ అదర్స్." షెర్లిన్ హాబీ ఏందో నాకు తెలుసు. మా హాస్టల్ మేడ మీద ఆరేసిన దుప్పట్ల నడుమ దాక్కొని, పిల్లలు రాంగనే "భౌ" అనుడు.

మనసు గురించి అడుగుతరని ఫోన్ల అన్నరు గద, దానికి సుత జవాబులు తయారైనయి. నీకు దేనికన్నా భయమా అని అడిగితే "దేనికి భయం లేదు" అనాలె. ఏడుపొస్తదా అంటే "రాదు, నేను ఎప్పుడు సంతోషంగ ఉంట" అనాలె. సంతోషాన్ని సుత బట్టీ పట్టించినోడు ఈ అమీర్‌పేట మొత్తంల మా తమ్ముడొక్కడే అయ్యుంటడు. ఒక ఆదివారం నా హాస్టల్ పిల్లలకు తెల్ల చున్నీలు కప్పి, డాక్టర్ల లెక్క బల్ల వెనక కూసోబెట్టి మాక్ టెస్ట్ పెట్టిండు. ఆ పిల్లలు నవ్వాపుకోలేక చచ్చిన్రు. షెర్లిన్ మాత్రం నవ్వలే.

పెద్దోళ్ళిద్దరు తక్కువ తిన్నరా? మా అమ్మ చర్చిల స్త్రీల కూడికల "నా మనవరాలికి పెద్ద పరీక్షుంది, ప్రార్థన చెయ్యండి" అని అడిగింది. ఏ స్కూల్ సీటమ్మా అని ఒకామె అడిగితే, "చాన పెద్దదిలే" అని తప్పించుకున్నది. ట్రీట్‌మెంట్ సంగతి చెప్తే సాక్ష్యం ఏం గావాలె? రోజు పొద్దున పిల్ల నుదుటి మీద ప్రార్థన నూనె రాసేది. వెనకనే కుసుమకుమారి గారు సరస్వతి ఆకు లేహ్యం గిన్నె పట్టుకొచ్చి, "చేదే గానీ తల్లీ, జ్ఞాపకశక్తికి దీన్ని మించింది లేదు, మింగెయ్యి" అనేది. నుదురంతా జిడ్డు, నోరంతా చేదు. పిల్ల అట్లనే బడికి పోయేది.

రాగసుధ ఊకున్నదా అంటే ఊకోలే. "ఎనిమిదేళ్ళ పిల్లకి మాక్ టెస్టేంటి? మతిగానీ పోయిందా?" అని మొగుని మీద లేసింది. అప్పుడు షెర్లిన్ మధ్యల వచ్చి, "వద్దు మమ్మీ, నేను చదువుకుంట, నేను మంచిగ చేస్త" అన్నది. పిల్లనే అట్లంటే తల్లి ఏం చేస్తది? రాగసుధకు ఆఫీసుల ఆడిట్ లొల్లి, చీకటి పడ్డంక ఇంటికి చేరుతున్నది. ఇష్టంగనే చేస్తున్నదేమో అనుకున్నది.

ఇష్టం కాదని నాకు అర్థమైంది. సాయంత్రాలు హాస్టల్‌కొచ్చి మేడెక్కుడు మానేసింది పిల్ల. మెట్ల మీద కూసొని చెక్క బిళ్ళలు పేర్చుడు, కూల్చుడు, మళ్ళ పేర్చుడు. ఒకసారి నేను పక్కన కూసున్న.

"అత్తా, ఫెయిలైతే ఏమైతది?"

"ఏమైతది? మీ డాడీ ముఖం ఇంత పొడుగైతది" అని చేతులతోని చూపించిన.

"అంతేనా?"

"అంతే."

"ఇంకేం చెయ్యరా?"

"ఎవరు బిడ్డా?"

బిళ్ళలు పేర్చుకుంట కూసున్నది. నేను పోయి మా తమ్మున్ని పట్టుకున్న. "ఓరి సార్వాడా, పిల్ల భయపడుతుందిర, ఆపు ఇగ" అని చెప్పిన.

"జర భయం ఉంటేనే చదువుతరక్కా. ఇంక ఒక్క వారమే గద."

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఎన్ని చెప్పినా చెవిటోని ముందు శంఖమే. నేను తలుపు ధడేల్మని వేసి వచ్చిన.

ఆ దినం రానే వచ్చింది. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఎంత, మెట్రోల ఒక్క స్టేషన్. దానికి పెండ్లికి పోయినట్టు ఆరుగురం బయలెల్లినం. మా అమ్మ బైబిలు సంచి, కుసుమకుమారి గారు లేహ్యం సీసా, రాగసుధ పాత రిపోర్టుల ఫైలు, మావోడు బిళ్ళల డబ్బా. రైల్ల సుత ఊకోలే. "షెర్లిన్, లాస్ట్ క్వశ్చన్. తాత కొడుక్కి చెల్లె ఉన్నది. ఆమె నీకు ఏమైతది?" అన్నడు. పక్కన రాడ్ పట్టుకొని నిలబడ్డ ఎవరో పోరడు చటుక్కున "మేనత్త సార్" అన్నడు. మావోడు "వెరీ గుడ్, ఏ బ్యాచ్?" అని అడిగిండు. నేను నుదురు కొట్టుకున్న.

హాస్పిటల్ల ఉదయలక్ష్మి అని పిల్లల సైకాలజిస్ట్ డాక్టరమ్మ, జర వయసు మీద పడ్డ మనిషి, మా జాతరనంత ఒక చూపు చూసింది. "అమ్మానాన్నలు పక్క గదిల ప్రశ్నలకు జవాబులు రాయాలె. పాపతోని ఒక్కరు రావచ్చు. ఎవరో పాపే చెప్పాలె" అన్నది.

మా అమ్మ కొంగు సర్దుకొని లేసింది. కుసుమకుమారి గారు అప్పటికే లేసి ఉన్నది. షెర్లిన్ వేలు నా దిక్కు చూపింది.

"కరుణత్త రావాలె. అత్త ఆన్సర్లు చెప్పదు."

"అంత నమ్మకమా?" అని డాక్టరమ్మ నవ్వింది.

"అత్తకు ఆన్సర్లు రావు."

ఎనిమిదేండ్ల పిల్ల నా పరువు అందరి ముందట తీసింది. ఏం చేస్త, లోపలికి పోయిన. తలుపు మూస్తుంటే మావోడు పక్క గదిల నుంచి "మేడమ్, దీనికి టైమ్ లిమిట్ ఎంత?" అని అడుగుడు వినపడ్డది.

ఎత్తు చూసిన్రు, బరువు చూసిన్రు. ఒక పేజీ చదివించిన్రు. చెక్క బిళ్ళలు బల్ల మీద పెట్టి, ఇట్ల చెయ్యాలమ్మా అని డాక్టరమ్మ చెప్పుడు కాకముందే షెర్లిన్ పేర్చి పెట్టేసింది. ఇంకోటి ఇస్తే అదీ పేర్చేసింది. డాక్టరమ్మ నా దిక్కు చూసింది. నేను సీలింగ్ ఫ్యాన్ దిక్కు చూసిన.

"నీకు ఇష్టమైన ఆట ఏంటి షెర్లిన్?"

"మై హాబీ ఈజ్ రీడింగ్ బుక్స్ అండ్ హెల్పింగ్ అదర్స్."

"ఓహో. ఎప్పుడన్నా భయం వేస్తుందా?"

"దేనికి భయం లేదు."

"ఏడుపు?"

"రాదు. నేను ఎప్పుడు సంతోషంగ ఉంట." చెప్తున్నంతసేపు గౌను అంచు వేలికి చుట్టుకుంటనే ఉన్నది. వేలు కొస తెల్లగైపోయింది.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "నాకైతే బల్లి అంటే చచ్చేంత భయం. మా ఇంట్ల గోడ మీద బల్లి కనపడితే ఆ గదిలకే పోను" అన్నది. షెర్లిన్ తల ఎత్తి ఆమెను తేరిపార చూసింది. ఇంత పెద్ద డాక్టర్ ఇట్ల ఒప్పుకుంటుందేంది అన్నట్టు. తర్వాత మెల్లగ అడిగింది.

"మేడమ్, ఇప్పటిదాక ఎన్ని తప్పులైనయి?"

"నేను లెక్కపెట్టడం లేదమ్మా."

"ఎన్ని తప్పులైతే వాపస్ తీస్కుంటరు?"

"ఏది వాపస్?"

"నన్ను."

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకున్నది. "నిన్ను ఎందుకు వాపస్ తీసుకుంటాం?"

"నేను ఈడనే తయారైన గద, ప్లేట్ల. మంచిగ తయారైన్నా లేదా అని చూస్తున్నరు. మంచిగ లేకుంటే తీస్కుంటరు గద. అందుకే డాడీ చదివిస్తుండు. నేను మస్తు చదివిన మేడమ్. ఇంకోటి అడుగుండ్రి, వస్తది."

దానికి ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో నాకు వెంటనే తెలిసిపోయింది. మా హాస్టల్ పిల్లలు ఫోన్ల బట్టలు తెప్పిస్తరు, వేసుకొని చూస్తరు, సరిగ్గ లేకుంటే మూట కట్టి గేటు కాడ వాపస్ ఇస్తరు. రోజు ఎవడో ఒకడు తీసుకపోనీకి వస్తనే ఉంటడు. బిడ్డ మెట్ల మీద కూసొని అది చూసుకుంటనే, తను సుత అంతేనేమో అనుకున్నది. అనుకొని, ఒక్కరికి చెప్పకుండ, చేదు లేహ్యం మింగుకుంట, పోకుండ ఉండనీకి చదువుకున్నది. నేను అంత తొందరగ ఏడ్చేదాన్ని కాను. ఆ గదిల ఏడ్చిన. కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చిన.

డాక్టరమ్మ మాత్రం గొంతు మార్చలే. "షెర్లిన్, ఈ పరీక్ష నీకు కాదు. మాకు."

"మీకా?"

"మాకే. నువ్వు రావడానికి మేము సాయం చేసినం. ఆ పని మంచిగ చేసినమా లేదా అని మమ్మల్ని మేమే చూసుకుంటున్నం. నువ్వు ఏ జవాబు చెప్పినా, చెప్పకపోయినా, ఎవ్వరు నిన్ను తీసుకోరు. నువ్వు మా వస్తువు కాదు, ఎప్పుడూ కాదు. మీ అమ్మానాన్నల బిడ్డవు."

"అంటే ఫెయిలైతే మీరు ఫెయిలైతరా?"

"అవును, మేమే."

"మీకు కోచింగ్ ఉన్నదా?"

"లేదమ్మా. ఉంటే బాగుండు."

పిల్ల వేలికి చుట్టిన గౌను అంచు విప్పింది. "అయితే ఇందాక భయం ప్రశ్న అడిగిన్రు గద, అది మళ్ళ అడుగుండ్రి."

అడిగింది డాక్టరమ్మ. ఇగ చూడాలె! బాత్రూంల లైటు పోతే భయమట. నానమ్మ ప్రార్థనల కండ్లు మూసుకొని గట్టిగ అరిస్తే భయమట. అమ్మమ్మ గిన్నె చప్పుడైతే భయమట. డాడీ "లాస్ట్ క్వశ్చన్" అంటే భయమట, ఎందుకంటే అది ఎప్పుడు లాస్ట్ కాదట. ఏడుపు సుత వస్తదట, మస్తు వస్తదట. తను మెట్ల మీద కూసున్నప్పుడు అత్త పక్కకొచ్చి కూసుంటే జర తక్కువ వస్తదట. డాక్టరమ్మ నవ్వుకుంట రాసుకున్నది. బిళ్ళలు మళ్ళ ఇస్తే ఈసారి బొమ్మ పేర్చలే, అన్నిట్ని గోడ కట్టి వెనక దాక్కొని "భౌ" అన్నది.

తర్వాత డాక్టరమ్మ అమ్మానాన్నలను పిలిచింది. ఎత్తు, బరువు, చదువు, అన్ని వయసుకు తగ్గట్టే ఉన్నయన్నది. "ఇట్ల పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది అందరి పిల్లల లెక్కనే పెరుగుతున్నరు సార్. అయినా చూస్తూ ఉండడం మా బాధ్యత, అందుకే పిలుస్తం. మీరు చెయ్యాల్సింది ఒక్కటే, పాపతోని కూసొని మాట్లాడండి. ఏం మాట్లాడాల్నో పాపకు తెలుసు."

"పర్సంటేజ్ ఎంత మేడమ్?" అన్నడు మా తమ్ముడు.

రాగసుధ వాని చెయ్యి గిల్లింది. నేను దగ్గరుంటే గిల్లుడు కాకుండ ఇంకేమో అయ్యేది.

బయటికొచ్చి హాస్పిటల్ క్యాంటీన్ల కూసున్నం. నాకు కడుపు మండిపోతున్నది. వీణ్ణి పక్కకు పిలిచి నాలుగు తిట్టి, అప్పుడు సంగతి చెప్పాల్ననుకున్న. నాకు ఆ మోక దొరకలే. సమోసలు వచ్చినయి. షెర్లిన్ ఒకటి విరిచి, ఆలుగడ్డ చల్లారనీకి ఊదుకుంట, శుభవార్త చెప్పినట్టు చెప్పింది.

"డాడీ, నన్ను వాపస్ తీస్కోరంట."

"ఎవరు నాన్నా?"

"హాస్పిటలోళ్ళు. నేను ఫెయిలైన సుత తీస్కోరంట. ఇంట్లనే ఉండొచ్చంట. మేడమ్ చెప్పింది."

మా తమ్మునికి మొదలు అర్థం కాలే. తర్వాత అర్థమైంది. చేతిల సమోస ప్లేట్ల పెట్టేసిండు. రాగసుధ పిల్లను ఒళ్ళెకు గుంజుకొని నెత్తి మీద ముఖం పెట్టింది. "అయ్యో నా తల్లీ, నా బంగారూ" అని కుసుమకుమారి గారు లేహ్యం సీసా బల్ల కిందికి నూకింది. మా అమ్మ నోరు తెరిచింది, ప్రార్థన మొదలు పెడతదనుకున్న. పెట్టలే.

"ఓ పోరీ, ఇటు చూడు" అన్నది మా అమ్మ. "మీ డాడీ ఇంటర్ల రెండుసార్లు ఫెయిలైండు. నేను సుత వాపస్ ఇద్దామని పుట్టిన దవాఖానకే తీసుకపోయిన. వాళ్ళు చూసి, 'అమ్మా, నీ కాళ్ళు మొక్కుత, మాకొద్దు' అన్నరు. ఇగ చేసేదేముంది? ఉంచుకున్న."

షెర్లిన్ కిలకిల నవ్వింది. "నిజమా డాడీ? దేంట్ల ఫెయిలైనవ్?"

"లెక్కలల్ల" అన్నడు వాడు. నవ్వుతుండో ఏడుస్తుండో తెల్వకుండ ఉన్నది ముఖం. కుర్చీ దిగి, క్యాంటీన్ల అందరు చూస్తుంటే, బిడ్డ ముంగట నేల మీద కూసున్నడు. "తప్పయింది బిడ్డా. నువ్వు మంచిగ లేవని కాదు నేను చదివించింది. నాకు భయమైంది. ఎనిమిదేండ్ల సంది నాకే భయం. నిన్ను ఎవ్వరికి ఇయ్య. దేవుడొచ్చి అడిగినా ఇయ్య."

మా అమ్మ దేవుని మాటకు గొంతు సవరించుకున్నది గాని, ఏం అనలే.

షెర్లిన్ తండ్రి కండ్లు తన గౌనుతోని తుడిచింది. తుడిచి, జర వెనక్కు జరిగి కూసొని, డాక్టరమ్మ లెక్క రెండు చేతులు బల్ల మీద పెట్టింది.

"అయితే ఇప్పుడు నీకు టెస్ట్."

"నాకా?"

"ఒక్కటే ప్రశ్న. నా బెస్ట్ ఫ్రెండ్ పేరేంది?"

రాగసుధ నోరు తెరవబోతే, నువ్వు చెప్పొద్దు అని వేలు చూపించింది. వాడు మా అమ్మ దిక్కు చూసిండు. మా అమ్మ కుసుమకుమారి గారి దిక్కు చూసింది. ఆమె నా దిక్కు చూసింది. నాకు సుత తెల్వదు, ఎవరి దిక్కు చూడాల్నో తోచలే. ఇంతమందిమి కలిసి ఆ పిల్లకు ఇన్ని నేర్పినం గాని, ఈ ఒక్క ముక్క ఎవ్వరం అడగలే.

"ఆప్షన్లు ఇయ్యి" అన్నడు మావోడు.

"ఆప్షన్లు లేవు."

వాడు కండ్లు మూసుకున్నడు. నుదురు రుద్దుకున్నడు. "మేఘన?"

"మేఘన మా క్లాస్ మిస్."

వాడు తల దించుకున్నడు. "తెల్వదు బిడ్డా" అన్నడు, వినీ వినపడకుండ.

షెర్లిన్ చాన సేపు వాని దిక్కు చూసింది. ఆఖరికి తన ప్లేట్ల మిగిలిన సగం సమోస తీసి వాని చేతిల పెట్టింది.

"పర్వాలే డాడీ" అన్నది. "ఉంచుకుంట."